బావి నుంచి పొయ్యి దాకా

1964 మాఘమాసం, ఆదివారం సాయంత్రం. నాంపల్లి స్టేషను వెనుక మేం కొన్న స్థలంలో ఉన్నవాళ్లు: నేను, నా భార్య, అత్తగారు, బావమరిది.

ఆ రోజు డైరీలో ఇంతే రాసి పడుకున్నాను. అంతకుమించి రాసే ఓపిక లేకపోయింది.

మర్నాడు మేస్త్రి పునాదికి ముగ్గు పోయాలి. ప్లాను బావమరిది గీశాడు. ఆబిడ్స్‌లో ఒక ఆర్కిటెక్టు దగ్గర పనిచేసేవాడు. అత్తగారి పట్టు మీద బావి ఈశాన్యంలో తవ్వించాం, ప్లానులో వంటిల్లు ఆగ్నేయంలో పెట్టాం. రెండూ వీధి వైపే. కానీ నీళ్ల బిందెతో ముందుగది, నడిమిగది దాటితే గాని వంటింట్లోకి దారి లేదు. నా భార్యకు అప్పటికే నడుము నొప్పి. పూట పూటకూ ఆ చుట్టు తిరిగితే మంచం పట్టేది.

నేను ఫ్యాక్టరీలో యంత్రాల డ్రాయింగులు గీసేవాణ్ణి. నడిపే మనిషి ఎక్కడ నిలబడతాడో ముందు గీసి, ఆ తర్వాతే యంత్రం గీస్తాం. ఒకదాని వెంట ఒకటి జరిగే పనులను పక్కపక్కనే ఉంచుతాం.

"వంటింటికి వీధి వైపు తలుపు పెట్టు" అన్నాను.

"ఇంటి ముంగటి ఎలివేషన్ ఖరాబైతది బావా. ఇల్లంటే మీ లేత్ మిషన్ గాదు."

"ఎలివేషనేందిరా?" అంది అత్తగారు. "దారిన పోయేటోడొచ్చి మీ అక్కకు నీళ్లు మోస్తడా?"

ప్లాను ప్రకారం నేల మీద సున్నంతో గదులు గీశాం. బావమరిది వాళ్లక్క చేతికి ఖాళీ బిందె ఇవ్వబోయాడు. బరువు వేయకుండా యంత్రాన్ని పరీక్షించం. నిండు బిందె అతని చంకనే పెట్టాను. రెండో గదిలోనే అడ్డదారి పట్టాడు.

"గోడలకెల్లి పోతున్నవురా!" అంది అత్తగారు.

అందరం నవ్వాం. నా భార్య నవ్వలేదు.

"ఒక్క బిందెకే గిట్లయితే ఎట్ల తమ్మీ? నాకు గీడ తలుపు గావాలె" అని వీధి వైపు గీత మీద నిలబడింది.

అతను తడిసిన చొక్కా పిండుకుని ప్లాను విప్పాడు. "ముందర పొడుగునా వరండా వెయ్యాలె. తలుపు గా వరండాలకు వస్తది. వంటిల్లు ఎన్కకు జరుగుతది. గాడ బావ రూముంది."

నేను అడిగి పెట్టించుకున్న గది అదొక్కటే. డ్యూటీ నుంచి వచ్చి తలుపు వేసుకుని కూర్చుందామనుకున్నాను. ముగ్గురూ నావైపు చూశారు.

"తీసెయ్" అన్నాను.

మర్నాడు పొద్దున మేస్త్రి కొత్త కొలతల ప్రకారం ముగ్గు పోశాడు. నా భార్య బావి దగ్గర నుంచి వరండా గీతల మధ్యగా వంటింటి దాకా నడిచి, మళ్లీ వెనక్కి నడిచింది. నేను టిఫిన్ డబ్బా తీసుకుని బస్సు కోసం వెళ్లాను.