ఎత్తని చెయ్యి

వీధిలో అందరికీ అతను పటకారు మామ. పళ్ళ డాక్టర్లు వాడే పనిముట్లకు రూపం దిద్దడం అతని పని. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని డాక్టర్లంటే పిడి లావు చేసేవాడు, జారుతోందంటే గరుకు పెట్టేవాడు. ఏ కొత్త నమూనా అయినా ముందు భార్యను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె నోట్లో పెట్టి చూసేవాడు. నొప్పి పుడితే ఆమె ఎడమ చెయ్యి ఎత్తాలని ఒప్పందం. ఆ చెయ్యి ఏనాడూ లేవలేదు.

"మా ఆవిడ చెయ్యెత్తలేదంటే పసిపిల్లకైనా నొప్పి పుట్టదు," అని కార్ఖానాలో ఛాతీ విరుచుకునేవాడు.

ఆ ఉదయం గార గీకే కొత్త పనిముట్టు తెచ్చాడు. ఆమె సరేనంటే మధ్యాహ్నమే అచ్చు పోస్తారు.

"నోరు తెరువు. ఇంకా. నన్ను తిట్టేటప్పుడు తెరుస్తావే, అంత!"

"అంత తెరిస్తే మీరే లోపల పడిపోతారు."

కింది పళ్ళ వెనక గీకాడు. చెయ్యి లేవలేదు. ఇంతలో నోటి అద్దం జారి కుర్చీ కిందికి దొర్లింది. తీద్దామని వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

ఆమె కుడి చెయ్యి కుర్చీ అంచును అడుగు నుంచి బిగబట్టి ఉంది. వేళ్ళు పాలిపోయాయి. అక్కడ చెక్కకు రంగు ఎప్పుడో పోయింది. గోళ్ళ గాట్లు, పాతవాటి మీద కొత్తవి.

"ఎప్పటినుంచే ఇది?" అడిగాడు.

ఆమె పెదవి మూల తుడుచుకుంది. వేలికి రవ్వంత నెత్తురు అంటింది.

"మొదటి దాన్నుంచీ. మీ పిడి లావయ్యేకొద్దీ నా పెదవి పళ్ళకేసి నలుగుతోంది."

"మరి చెయ్యెత్తవేం?"

"మార్కుల కోసం ఎదురుచూసే పిల్లాడిలా మీరలా చూస్తుంటే ఎలా ఎత్తనండీ?"

అతను నేల మీదే చతికిలపడ్డాడు. ఆ పిడులు ఎన్ని నోళ్ళలోకి వెళ్ళాయో! ఫోన్ చేసి అచ్చు ఆపించాడు. తర్వాత తనే కుర్చీలో కూర్చుని పనిముట్టు ఆమె చేతికిచ్చాడు.

"గీకు."

వెంటనే అతని ఎడమ చెయ్యి పైకి లేచింది.

"ఇంకా ఆనించనేలేదండీ!" అని ఆమె పగలబడి నవ్వింది.

ఆ తర్వాత, పిడి పెదవికి తగలకుండా, అతని పనిముట్ల మెడలు సన్నగా, పొడుగ్గా సాగాయి. పరీక్షించేటప్పుడు మధ్యమధ్య కుర్చీ కిందికి వంగి చూసేవాడు.

ఆమె చనిపోయిన ఏడాది ఇంటికి రంగులేయించాడు. రంగులాయన కుర్చీని తిరగేసి, "గాట్లు పడ్డాయి, లప్పం పెట్టేయనా?" అన్నాడు.

మామ కుర్చీకి అడ్డుపడ్డాడు. "ముట్టుకోకు!" అని అరిచాడు. ఆ కేకకు రంగులాయన చేతిలో కుంచె జారి పడింది.