తెర అవతల రెండు మంచాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో, పేదల ఆరోగ్య బీమా పథకం తనిఖీ వైద్యాధికారిగా నన్ను పాతబస్తీకి వేశారు. పథకంతో ఒప్పందం చేసుకున్న ఆస్పత్రులు కార్డున్న రోగులను నిజంగా చేర్చుకుంటున్నాయో లేదో చూడటం నా పని.

ఆ వారమే చాంద్రాయణగుట్ట దగ్గరి ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాను. ఆ వైపున పథకం కింద గుండెకు స్టెంట్ వేసేది అదొక్కటే. అత్యవసర విభాగంలో కార్వాన్ పాల వ్యాపారి మల్లేశ్ ఇంకా స్ట్రెచర్ మీదే ఉన్నాడు. ఈసీజీ చూశాను. గుండెపోటు మొదలై మూడు గంటలు దాటింది.

అతని భార్య పెంటమ్మ నా మెడలోని గుర్తింపు కార్డు చూసి దగ్గరికొచ్చింది. "సారూ, పథకం మంచాలు నిండినయంటున్నరు. గా తెర అవతల రెండు ఖాళీగనే ఉన్నయ్ గదా! మాకెందుకియ్యరు?"

తెర తీసి చూశాను. ఉన్నాయి. మంచం ఖాళీగా ఉండగా పథకం రోగిని ఆపకూడదన్నది ఒప్పందం. మేనేజర్‌ను పిలిచి, ఒప్పందం తప్పినందుకు నోటీసు రాస్తున్నానని చెప్పాను. ఆయన గొంతు పెంచలేదు.

"రాయండి సార్, పేషెంటును తీస్కుంటం. కానీ మీ రేటు మాకు గిట్టుబాటయితలేదు. నోటీసిస్తే పథకం కింద గుండె కేసులే బంద్ చేస్తం. తర్వాత వచ్చేటోళ్లను మీరే చూస్కోండి."

అది ఉత్త బెదిరింపు కాదని నాకు తెలుసు. స్టెంట్‌కు పథకం ఆస్పత్రికి చెల్లించే ఆ రేటు ఏళ్లుగా మారలేదు. నోటీసు లేకుండా ఈ ఒక్కడిని చేర్చుకొమ్మని బతిమాలవచ్చు. కానీ రేపొచ్చేవాడికి మళ్లీ ఇదే జవాబు. నోటీసు మీద సంతకం చేశాను. పథకం కార్యాలయం నుంచి ఫోన్లోనే చికిత్సకు అత్యవసర అనుమతి ఇప్పించి వరండాలో కూర్చున్నాను. "బతుకుతడా సారూ?" అని పెంటమ్మ అడిగినప్పుడల్లా, లోపల డాక్టర్లు చూస్తున్నారని చెప్పాను.

మల్లేశ్ బతికాడు. మరుసటి నెలలో ఆస్పత్రి అన్నంత పనీ చేసింది. ఛాతీనొప్పితో వచ్చేవాళ్లను ఊరి అవతలికి పంపాల్సి వచ్చింది. చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో పనిచేసే ఒకాయన అంబులెన్స్‌లోనే, ట్రాఫిక్ మధ్య పోయాడు. ఆ మరణం మీద నివేదిక తయారుచేసి, దాన్ని జతచేసి రేటు సవరించమని పైకి రాశాను. నేను రిటైరయ్యేనాటికి జవాబు రాలేదు.

నోటీసు ఇవ్వడం తప్పని ఇప్పటికీ అనుకోను. అధికారి సంతకంతో ఒక రోగికి మంచం ఇప్పించవచ్చు. అది తర్వాతి రోగికీ దొరకాలంటే, వైద్యానికయ్యే అసలు ఖర్చును పథకం ముందే ఒప్పుకోవాలి. నేను చేసింది అందులో సగం పని మాత్రమే.