పీట మీదినుండి లేవలేకపోయిన నాడు

నా దేహం బరువెక్కినంత కాలం దానిని గురించి నాకు భయం కలగలేదు. మోకాళ్ళు నొచ్చేవి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. వయస్సు వెంట వచ్చిన చుట్టాలనుకుని సర్దుకున్నాను. భయమంటే ఏమిటో ఆ దేహం తరిగిపోతున్నప్పుడు తెలిసింది.

ఒంటరి ప్రాణిని. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా పనిచేసి ఉద్యోగ విరమణ పొందాక, అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకు పోయే వీధిలో ఒక కింది వాటా అద్దెకు తీసుకుని ఉంటున్నాను. వివాహం చేసుకోలేదు. శాకాహారిని, ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టను. మోకాళ్ళ నొప్పికని వెళ్ళినప్పుడు డాక్టరమ్మ, "కాస్త బరువు తగ్గండమ్మా, మోకాళ్ళు బతికిపోతాయి" అన్నది. ఆమె చెప్పినది అంతే. తక్కినదంతా నేను రాసుకున్న వ్యాఖ్యానం. మూలం ఒక్క పంక్తి ఉంటే దానికి పుటలకొద్దీ అర్థం చెప్పడం మా చదువులో అలవాటే కదా.

రాత్రిపూట అన్నం మానివేశాను. ఏకాదశి ఉపవాసం, శనివారం ఒంటిపూట ముందునుండీ ఉన్నవే. వాటికి సోమవారాన్ని కలిపాను. అక్కడితో ఆగక కందిపప్పు మానివేశాను. పప్పు వాతం చేస్తుందనీ, కీళ్ళు పట్టివేస్తుందనీ మా ఇంట పెద్దలు అనుకునేవారు. ఒక్క ప్రాణికి పిడికెడు పప్పు కుక్కరులో పెట్టడం విసుగు కూడాను. కనుక ఆ పథ్యం నాకు అనుకూలంగా తోచింది. పెరుగు కఫమని దానిని పలుచని మజ్జిగ చేసుకున్నాను. ఇక కంచంలో మిగిలినవి గుప్పెడు అన్నం, చారు, నాలుగు ఆనపకాయ ముక్కలు.

మొదట సంతోషమే. రవికెలు వదులైనాయి. మెట్లు తేలికైనాయి. పై వాటాలో ఉండే అమ్మాయి కశింకోట దగ్గర చెరకు పండించే వారి ఆడపడుచు. ఆమె భర్త తెల్లవారకముందే పరవాడలోని కంపెనీకి పోయే బస్సెక్కుతాడు. ఆమె నన్ను గేటు దగ్గర చూసి, "ఏటండీ పంతులమ్మగారూ, ఇలాగ సన్నబడిపోతన్నారు? పెళ్ళిసూపులేటైనా ఉన్నాయేటి?" అని నవ్వేది.

"ఉంటే నీకు చెప్పనా? ఆడపెళ్ళివారి తరఫున మర్యాదలు చేయవలసినదానివి నువ్వే" అనేదాన్ని.

కొన్నాళ్ళకు ఆమె నవ్వడం మానివేసింది. "సెంపలు లోపలికి పోనాయండీ. ఒంట్లో బాగుందా?" అన్నది.

బాగుందనే చెప్పాను. కాని బరువు నేను ఆపదలచిన చోట ఆగలేదు. తిండి ఇంకేమీ తగ్గించకపోయినా అది తన దారిన తాను పోతూనే ఉన్నది. స్నానం చేస్తూ చూసుకుంటే తొడల మీది చర్మం ఉతికి పిండిన గుడ్డవలె ముడుతలు పడి ఉన్నది. మా అక్క ఇలాగే చిక్కిపోయింది. "నాజూకైనావే" అని చుట్టాలు మెచ్చుకుంటుండగానే కడుపులోని వ్యాధి ముదిరి వెళ్ళిపోయింది. ఆ తలపు వచ్చినది మొదలు ప్రతి ఉదయమూ వెల్లకిలా పడుకుని పొట్ట తడుముకునేదాన్ని, గడ్డ ఏదైనా చేతికి తగులుతుందేమోనని. డాక్టరమ్మ దగ్గరకు మాత్రం పోలేదు. పేరు తెలియని జబ్బుతో ఒంటరిగా కాలం గడపవచ్చును. పేరు తెలిశాక అదే ఇంట్లో దానితో ఇద్దరమే ఎలా ఉండడం?

ఇట్లుండగా ఒక ద్వాదశి నాడు ఆ సంఘటన జరిగింది. స్నానం చేసి మడి కట్టుకున్నది మొదలు భోజనం ముగిసేవరకు నేను ఎవరినీ తాకను. వీధి తలుపు గడియ వేస్తాను. ఫోను ముందు గదిలో బల్ల మీద ఉంటుంది. మడిలో దానిని ముట్టుకోను. భోజనం వంటింట్లో పీట మీదనే. ఆనాడు ఏకాదశి ఉపవాసానికి పారణ ముగించి, ఎంగిలి చేయి కడుక్కుందామని లేవబోయాను. ఎడమచేయి నేలకు ఆన్చి పైకి లేచానో లేదో, తొడలు వణికి నన్ను వదిలివేశాయి. పీట మీద కూలబడ్డాను. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అంతే. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నన్ను మరింత భయపెట్టింది. ఆజ్ఞ ఇస్తున్నాను, కాళ్ళు వినడం లేదు.

వేళ్ళ మీద మెతుకులు ఎండి బిగుసుకున్నాయి. వీధిలో షేర్ ఆటోవాడు "కశింకోట, కశింకోట" అని కేక వేస్తున్నాడు. లోకమంతా ఒక్క గోడకు అవతల ఉన్నది. "అమ్మాయ్!" అని పిలిచాను. వెనుక బెంచీ వరకు పద్యం వినిపించిన గొంతు అది, గది దాటలేదు. ఇక్కడే, ఈ ఎంగిలి కంచం పక్కన, రేపటివరకు ఉండిపోతానా అనుకున్నాను. కంచు చెంబు చేతపట్టుకుని, చంటిపిల్లలా దేకుతూ వీధి తలుపు వరకు పోయాను. బల్ల మీది ఫోను, తలుపు గడియ రెండూ నాకు అందని ఎత్తున ఉన్నాయి. చెంబుతో తలుపు మీద కొట్టాను, చేయి తిమ్మిరెక్కేదాకా కొట్టాను.

"ఎవులండీ? పంతులమ్మగారా? ఏటయ్యింది?"

"లేవలేకపోతున్నానమ్మాయ్."

ఆమె పక్క కిటికీ ఊచల్లోంచి చేయి దూర్చి గడియ తీసింది. తీరా తీసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "నానింకా తానం సెయ్యలేదండీ. ముట్టుకుంటే మీ మడి పోద్దేమో?"

"మడి సంగతి రేపు చూద్దాం. ముందు నన్ను లేపు తల్లీ."

చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లేపింది. "అమ్మో, ఏటండీ ఇది! మా ఇంటికాడ పెయ్యదూడ ఇంతకన్నా బరువుంటాది" అని నవ్వబోయి, నా ముఖం చూసి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆ సాయంత్రమే ఆమె నన్ను ఆటోలో డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయింది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమన్నది డాక్టరమ్మ. లేవలేకపోయాను. ఏమి తింటున్నానో అడిగి, ఓపికగా అంతా విన్నది.

"బరువు తగ్గమన్నాను గాని, కండ కరిగించుకోమన్నానా? పప్పు మానమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. వాతమని..."

"ఆ వాతం సంగతి నేను చూసుకుంటాను. మీరు పప్పు తినండి. గట్టి పెరుగు, నానబెట్టిన సెనగలు, వేరుసెనగ ఉండలు. ఉపవాసాలు ప్రస్తుతానికి బంద్."

అయినా రక్తపరీక్షలు, కడుపు స్కానింగు చేయించింది. ఫలితాలు వచ్చేదాకా నేను నిద్రపోయానని చెప్పలేను. "ఇప్పటికైతే ఏమీ కనబడలేదు" అన్నది. ఆ 'ఇప్పటికైతే' అన్న మాట దగ్గర నా మనస్సు ఆగిపోయింది. ఇంకా అక్కడే ఉన్నది.

ఇప్పుడు రోజూ కుర్చీలోంచి లేచి కూర్చోవడం నాకు విధించిన అభ్యాసం. పై వాటా అమ్మాయి గుమ్మంలో కూర్చుని, "ఎంతమంది పిల్లల సేత గుంజీలు తీయించేరో! ఆళ్ళందరి ఉసురూ తగిలినాదండీ మీకు. లెగండి, లెగండి!" అని ఎగతాళి చేస్తుంది. నేను మందలిస్తాను, మళ్ళీ లేస్తాను.

నిన్న తొలిసారిగా నేల మీద కూర్చున్నాను. ఆమె చేయి చాచింది, పట్టుకోలేదు. గోడకు అరచేయి ఆన్చి, ఒక మోకాలు మడిచి, పళ్ళు బిగించి లేచాను. లేచిన తరువాత కూడా చాలాసేపు తొడలు వణికాయి. ఆమె చప్పట్లు కొట్టింది. రేపు ఆమె పుట్టింటికి వెళుతున్నది, చెరకు నరికే రోజులు, వారం దాకా రాదు. ఒక్కదాన్నే నేల మీద కూర్చోగలనా అని ఇందాకటినుండి ఆలోచిస్తున్నాను. కూర్చోగలను. లేవడం సంగతే తెలియదు. వంటింట్లోకి కుర్చీని ఈడ్చుకుని వచ్చి, పీట మీదినుండి చేయి చాస్తే అందేటట్టు గోడ పక్కన పెట్టాను.