పీలింగు షెడ్డులో కొత్త స్టూళ్ళు

పెళ్ళయి కంచిలి నుంచి పలాస వచ్చిన ఏడాదే మా అత్త నన్ను తనతోపాటు జీడిపప్పు ఫ్యాక్టరీకి లాక్కుపోయింది. పప్పు మీది పొట్టు తీయడం మా పని. సిమెంటు నేల మీద గోనె పరుచుకుని, ఒక మోకాలు మడిచి, రెండో మోకాలికి గడ్డం ఆనించి, పొద్దస్తమానం చిన్న చాకుతో గీకుతూ ఉండాలి. మధ్యాహ్నానికే నాకు నడుం పట్టేసేది. లేచి ఒళ్ళు విరుచుకుంటే అత్త షెడ్డంతా వినేలా అరిచేది.

"నడుం నొప్పేటే మారాణికి? మాకు నడుమున్నట్టే తెలీదు. కూకో!"

అందరూ నవ్వేవారు. ఆవిడంటే నాకు ఒళ్ళు మంట. కానీ ఇంట్లో ఆవిడ మాట చెల్లేదంటే ఆ పని వల్లే. కొడుకు ముందు చెయ్యి చాచడం కన్నా చావు నయమనేది.

రెండువేల సంవత్సరం దాటాక, పప్పు కొనే పెద్ద కంపెనీవాళ్ళు చూడటానికి వస్తున్నారని యజమాని షెడ్డు నిండా ఎత్తు బల్లలు, స్టూళ్ళు వేయించాడు. మొదటి రోజు సాయంత్రం నడుం నొప్పి లేకుండా ఇంటికి నడుస్తుంటే నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

అత్త మాత్రం వాటి మీద కూర్చోలేకపోయింది. ఇన్నేళ్ళ పనికి ఆవిడ నడుం ముందుకు వంగి అలాగే బిగిసిపోయింది. స్టూలెక్కితే కాళ్ళు గాల్లో, గడ్డం బల్ల అంచు మీద. కాసేపటికి జారి కింద పడింది. షెడ్డంతా గొల్లున నవ్వింది. ఇన్నాళ్ళకు నా వంతు వచ్చిందని నేనూ నవ్వాను.

మర్నాడు ఆవిడ ఓ మూల గోనె పరుచుకుని ఎప్పటిలా కూర్చుంది. మా పని చూసే మేస్త్రీ వచ్చి గోనె లాగేశాడు.

"కింద ఎవలూ కూకోకూడదు. వచ్చినోలు సూత్తే బాబు పరువేటవుతాది?"

అత్త యజమాని దగ్గరికే వెళ్ళింది. "ఒక్క స్టూలుకి కాళ్ళు కోయించండి బాబూ. పల్లెం ఒల్లో ఎట్టుకుని సేసుకుంతాను."

స్టూళ్ళు చేసిన వడ్రంగి ఇంకా బయటే ఉన్నాడు, రంపంతో సహా. యజమాని స్టూళ్ళ వరస వంక మురిపెంగా చూసుకున్నాడు.

"వరస పాడైపోద్ది. కూకోలేనోల్లని మానీమను" అన్నాడు మేస్త్రీతో, ఆవిడ ఎదుటే.

ఆ వారమే కంపెనీవాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళను బాగా చూసుకుంటున్నారని మెచ్చుకున్నారు. నన్ను నిలబెట్టి, నడుం నొప్పి తగ్గిందా అని అడిగారు. తగ్గిందన్నాను. అబద్ధమేమీ కాదు.

ఇంటికొచ్చేసరికి అత్త గుమ్మంలో ఊరికే కూర్చునుంది. చుట్టలు తెమ్మంటే కొడుకు కసిరాడట.

"నీకు నొప్పి తగ్గిందేటే?" అంది.

"తగ్గిందత్తా."

"నాకసలు ఎప్పుడూ నొప్పే లేదు. రేపు ఆ బాబుకి సెప్పవే, నీకు పున్నెముంటాది."

ఆవిడ నన్ను బతిమాలడం అదే మొదటిసారి. చెప్తానన్నాను. లేవడానికి చెయ్యి అందించమంది. పట్టుకుని నిలబెడితే, ఆవిడ తల నా మొల దాకానే వచ్చింది.