పదకొండు మంది, ఒక తువ్వాల

మా సుజాత వదిన సర్పంచ్ కావలసింది. కాలేదు. ఎందుకు కాలేదని మా ఊళ్ళో ఎవరినడిగినా ఎదుటి పార్టీ పేరు చెప్పరు, నా పేరు చెబుతారు. చేవెళ్ళకూ మొయినాబాదుకూ నడుమ ఉన్న ఊరు మాది. ఊరి పేరు మాత్రం అడక్కండి. వదిన ఇప్పుడిప్పుడే కొంచెం చల్లబడింది, మళ్ళీ ఎందుకు రాజెయ్యడం?

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. చదివేది మైక్రోబయాలజీ. బస్సులో ఎవరైనా తుమ్మితే నలుగురూ మొహం తిప్పుకునేవారు, నేనేమో తుంపరలు ఎంత దూరం పడ్డాయా అని వంగి చూసేవాణ్ణి. "గీనికి పిల్లనెవ్వలిస్తరు?" అని మా అవ్వ అందరి దగ్గరా వాపోయేది.

ఆ ఏడు సర్పంచ్ సీటు ఆడవాళ్ళకు రిజర్వయింది. వదిన పదేళ్ళుగా మహిళా సంఘం నడిపిన మనిషి. ఎవరింట్లో కాన్పు వచ్చినా, కరెంటు పోయినా ముందు ఆమెకే ఫోన్ వచ్చేది. ఆ కుర్చీ ఆమెకు నిజంగా కావాలి. నరేందరన్నకంటే, అంటే ఆమె భర్త, మా సొంత అన్నకంటే, ఆమెకే ఎక్కువ కావాలి. అవతల జంగయ్య తన భార్యను నిలబెట్టాడు. పోటీ గట్టిది, ఒక్కో ఓటూ లెక్కే.

పోలింగ్ ఇంకా ఆరు రోజులుందనగా మా పార్టీకి కండ్లకలక వచ్చింది. పార్టీకే అంటున్నాను, ఎందుకంటే మొదట కిరాణా కొట్టు యాదయ్యన్నకు వచ్చింది, మర్నాడు మరో ముగ్గురికి, ఆ మర్నాడు ఇంకో ఆరుగురికి. అందరూ మావాళ్ళే. నినాదాలిచ్చే గుంపంతా కళ్ళు నులుముకుంటూ తిరుగుతోంది.

"వాళ్ళ కండ్లల్లకు చూడకురి, అంటుకుంటది" అంది అవ్వ.

"చూస్తె అంటదు అవ్వా! ఆ నీరు తగిలిన చెయ్యో, బట్టనో మన కంటికి తగలాలె. గప్పుడే అంటుతది."

"అట్లనా? మరి గింతమందికి ఎట్ల అంటింది? ఒకరి కండ్లు ఒకరు తుడిసిండ్రా?"

అవ్వ వెక్కిరింపుకే అన్నది. కానీ ఆ ప్రశ్న నా బుర్రలో దూరి కూర్చుంది. నిజమే కదా, ఎట్లా అంటింది? అందరూ ఒకేచోట ఎక్కడ కలిశారు? ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. అప్పటికే నా కళ్ళూ ఎర్రబడ్డాయి. పొద్దున్నే నల్లద్దాలు పెట్టుకుని, నోట్‌బుక్ చంకన పెట్టుకుని బయలుదేరాను. నా చదువుకు మొదటి పరీక్ష ఇదే అనుకున్నాను, గర్వంగా.

"యాదన్నా, ఆదివారం యాడికి పోయినవ్?"

"యాడికి పోత? దుకాణంలనే ఉన్న."

"ఎవరి తువ్వాలతోనన్న మొకం తుడుసుకున్నవా?"

యాదయ్యన్న పప్పు తూకం ఆపి అటూ ఇటూ చూశాడు. "పోలీసోళ్ళు గూడ గిట్ల అడుగరు గద రా! నీకెందుకు?"

"సైన్సు కోసం అన్నా. ఎవ్వలికి చెప్ప."

"ఒట్టు?"

"అవ్వ మీద ఒట్టు."

అప్పుడు నోరు విప్పాడు. "ఆదివారం జంగయ్య తోటల యాటపోతును కోసిండ్రు. పిలిస్తె పోకుంటె బాగుండదని పోయిన. తిన్న. గంతే. ఓటు మాత్రం మన సుజాతమ్మకే."

"తిన్నంక?"

"కారం దండిగ ఏసిండ్రు. కండ్లల్ల నీళ్ళు, ముక్కుల నీళ్ళు. డ్రమ్ముకాడ మొకం కడుక్కున్న. పక్కకు తువ్వాల ఏలాడుతుండె, తుడుసుకున్న."

"ఒక్కటే తువ్వాలనా?"

"మనిషికొకటి పెట్టనీకి గదేమన్న పెద్ద హోటలా?"

"నీకంటె ముందు ఎవరు తుడుసుకున్నరు?"

"జంగయ్య బామ్మర్ది. శంకర్‌పల్లి నుంచి అచ్చిండు. కండ్లు మిరపపండ్ల లెక్క ఉండె. కారానికేమో అనుకున్న."

నాకు ఒళ్ళు ఝల్లుమంది. దొరికింది! రోగం మొదలైన చోటు దొరికింది! సంతోషం పట్టలేక యాదయ్యన్నకు చెయ్యి ఇవ్వబోయి, చదువు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను.

ఆ రోజంతా తిరిగాను. అందరిదీ అదే కథ. అదే తోట, అదే కూర, అదే తువ్వాల. "సుజాతకు చెప్పకు బిడ్డా, పానం తీస్తది" అని ప్రతివాళ్ళూ బతిమాలారు. ప్రతివాళ్ళకూ ఒట్టు వేశాను. సాయంత్రానికి మా అవ్వ మీద పది ఒట్లు పడ్డాయి, పాపం.

మాట తప్పే మనిషిని కాదు నేను. అందుకే చార్టు గీసినప్పుడు ఒక్క పేరు కూడా రాయలేదు. వదిన ఫ్లెక్సీ ఒకటి మిగిలితే దాని వెనకవైపు గీశాను. నడుమ పెద్ద సున్నా, అందులో 'జంగయ్య తోట తువ్వాల'. దాని నుంచి పదకొండు బాణాలు, బాణానికో నంబరు. ఇంత గుట్టుగా చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. అయితే ఉత్త నంబర్లుంటే శాస్త్రానికి నిండుదనం రాదు కదా. అందుకని పక్కన చిన్నగా వివరాలు రాశాను. ఒకటి: పురుషుడు, యాభై రెండు, కిరాణా వ్యాపారం. రెండు: స్త్రీ, నలభై, టైలర్, ఎడమ కన్ను ముందు. మూడు: పురుషుడు, అరవై, పాల కేంద్రం.

మా ఊళ్ళో కిరాణా కొట్టు ఒక్కటే. టైలరమ్మ ఒక్కతే. పాల కేంద్రం కూడా ఒక్కటే. ఇది నాకు ఎందుకు తట్టలేదని మీరడుగుతారు. నేనూ అప్పటినుంచీ అదే అడుక్కుంటున్నాను.

చార్టు ఆరాలని ముందు గదిలో గోడకు తగిలించి స్నానానికి వెళ్ళాను. ఒళ్ళు తుడుచుకుని బయటికొచ్చేసరికి ఆ గదిలోనే పార్టీ మీటింగు మొదలైంది. నరేందరన్న గోడ ముందు నిలబడి గట్టిగా చదువుతున్నాడు.

"ఒకటి... కిరాణా వ్యాపారం. యాదన్నా! నువ్వు జంగయ్య తోటకు పోయినవా?"

"నేనొక్కన్నే పోయిన్నా? గా రెండో నంబరు ఎవరు, చూడు!"

"నన్నెందుకు గుంజుతవ్?" టైలరమ్మ లేచింది. "పాలకేంద్రమాయన నా ఎదురంగనే మూలిగ బొక్క సీకిండు!"

"సీకితె సీకిన, నీ లెక్క టిఫిన్ డబ్బల కట్టుకపోలే!"

అంతవరకు భుజాలు రాసుకుని కూర్చున్నవాళ్ళు ఒకరికొకరు ఎడం జరిగారు. ఒక్కొక్కరుగా చెప్పుల్లో కాళ్ళు దూర్చారు. పోతూ పోతూ అందరూ నావైపే చూశారు. ఆ ఎర్రటి కళ్ళు ఇప్పటికీ కలలో వస్తాయి. చివరికి గదిలో అన్న, నేను, చాయ్ గిన్నెతో వదిన మిగిలాం.

వదిన చార్టు మొత్తం ఓపికగా చదివింది.

"శ్రీకాంత్, గీ నాలుగో నంబరు ఎవరు? పురుషుడు, ఇరవై ఒకటి, విద్యార్థి. రెండోసారి వడ్డించుకున్నడు అని రాసి ఉన్నది."

నేనే. అందరూ తిని వెళ్ళాక చీకట్లో పోయాను, అందుకే అక్కడ మావాళ్ళెవరూ నాకు కనబడలేదు. శాస్త్రంలో దాపరికం ఉండకూడదని నన్ను నేను కూడా రాసుకున్నాను మరి!

"ఆదివారం ఓటరు స్లిప్పులు రాయమంటె ప్రాక్టికల్స్ ఉన్నయ్ అన్నవ్ గద?"

"ఒక రకంగ ప్రాక్టికలే గద వదినా..."

అన్న చెప్పు వెతకడం మొదలుపెట్టాడు. వదిన మాత్రం తిట్టలేదు. చాయ్ గిన్నె కింద పెట్టి, "మీరందరు నా వెనుకున్నరనుకున్న" అంది మెల్లగా. తిట్టినా బాగుండేది. సిగ్గుతో నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మర్నాడు వదిన తానే ఇల్లిల్లూ తిరిగింది. "యాట కూర తింటె తిన్నరు, నాకేం కోపం లేదు. ఓటేయనీకి రాండ్రి" అని చెప్పడానికి. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. లోపలి నుంచే అందరూ ఒకటే మాట అన్నారట: "కండ్లకలక ఉన్నది సుజాతమ్మా. తగ్గేదాక మందిల కలవద్దని మీ మరిదే చెప్పిండు."

చెప్పాను. నిజమే. ప్రతి ఇంట్లో, ప్రశ్నలయ్యాక, చాలా శ్రద్ధగా చెప్పాను.

వదిన తొమ్మిది ఓట్లతో ఓడిపోయింది. పోలింగు రోజు ఆ పది మందీ గడప దాటలేదు. అవమానం తలుపు మూయించింది, నా సలహా గొళ్ళెం పెట్టింది. ఫలితం విన్నాక వదిన వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఒక్క ఓటుతోని గెలుస్తుంటి" అని నా మొహంలోకి చూసింది. "తువ్వాల పదకొండు మందికే అంటిచ్చింది రా. నీ చార్టు ఊరంతకు అంటిచ్చింది."

సాయంత్రం జంగయ్య ఊరేగింపు మా ఇంటి ముందు ఆగింది. ట్రాక్టరు దిగి, దండతో, రెండు చేతులూ చాపి నావైపు వచ్చాడు. "తమ్మీ, నువ్వు లేకుంటె గెలుస్తుంటిమా!" అతని కళ్ళు కుంకుమలా ఉన్నాయి. నేను మూడడుగులు వెనక్కి వేసి దూరం నుంచే దండం పెట్టాను. నా చదువును నేను సరిగ్గా వాడుకున్నది ఆ ఒక్కసారే.

కాబట్టి, చదివి నవ్వుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికినంత కాలం ఇంకొకరి తువ్వాల ముట్టను. ఏ జబ్బు ఎవరి నుంచి ఎవరికి పాకిందో తెలుసుకోవాలని ప్రాణం ఎంత కొట్టుకున్నా సరే, పోలింగు ముగిసి, లెక్కింపు అయిపోయి, గెలిచినవాళ్ళ పటాకులు ఆరేదాకా పెన్ను మూత తీయను. యాట కూర సంగతి మాత్రం ప్రమాణంలో చేర్చలేదు. వదిన కూడా అంత కఠినంగా అడగలేదు.