నడిచే నిచ్చెన

గోడలకు రంగులేసే వాళ్లంతా ఆయన్ని నిచ్చెన మేస్త్రీ అంటారు. మడత నిచ్చెన పైన అటో కాలు, ఇటో కాలు వేసి నిలబడి, కిందికి దిగకుండానే దాన్ని గోడ వెంబడి నడిపించుకుంటూ పోతాడు. ముప్ఫై ఏళ్లుగా కింద నిలబడి రంగు కలిపి అందిస్తున్నా, ఆ నడక చూస్తే ఆయన భార్యకు గుండెల్లో దడే. ఇప్పుడైతే మరీను. ఎడమ మోకాలు అరిగిపోయిందని తేలిందాయె!

ఫిజియోథెరపీ అమ్మాయి మందులేం ఇవ్వలేదు. వేడి కాపడం పెట్టుకోమంది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, తొడ బిగించి అదమమంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోమంది.

"నొప్పి తగ్గడం వేరు బాబాయ్, తొడకు బలం రావడం వేరు. బలం వచ్చేదాకా నిచ్చెన జోలికి పోవద్దు," అని మరీ మరీ చెప్పింది.

ఈ మహానుభావుడు కాపడం ఒక్కటే పట్టుకున్నాడు. హాయిగా ఉంటుంది కదా మరి! వారం తిరక్కుండానే నొప్పి సద్దుమణిగింది. ఇంకేం, నిచ్చెన భుజానికెత్తాడు.

ఆ రోజు పని బడి హాల్లో. పైకప్పు చాలా ఎత్తు.

"నిచ్చెన నన్ను పట్టుకోనివ్వయ్యా," అని ఆమె బతిమాలింది.

"పట్టుకుంటే ఎలా నడుస్తుందే? తప్పుకో."

ఒక అడుగు. రెండో అడుగు. మూడో అడుగుకి ఆయన ఎడమ కాలు ఉన్నపళంగా మడతపడింది. నిచ్చెన ఒరిగింది. డబ్బాలో రంగంతా నెత్తిన పడుతున్నా ఆమె నిచ్చెన కాలు వాటేసుకుని వదల్లేదు. ఆయన మెట్టు మెట్టూ పాకుతూ దిగి, పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

"నొప్పి లేదన్నావుగా!"

"నొప్పి లేదే. కాలే నిలబడట్లేదు. నాలుగు రోజుల్నించీ ఇంతే. చెప్తే ఎక్కనివ్వవని..."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. భయంతో ఏడుపూ ముంచుకొచ్చింది. ముఖం మీది రంగు కొంగుతో తుడుచుకుంది.

"లే. చేతులు ఆనించకుండా లే."

ఆయన ముందుకు వంగాడు. నడుము జానెడు లేచి మళ్లీ కుర్చీలో పడింది. ఇంకోసారి ప్రయత్నించాడు. అదీ అంతే. ముప్ఫై ఏళ్లలో ఎంత ఎత్తున ఉన్నా భయపడని మనిషి, బెదిరిపోయి ఆమె వంక చూశాడు.

"లేవడానికి రావట్లేదే," అన్నాడు.