గోంగూర రొయ్యలు, నిమ్మచెక్క

మొన్న ఆదివారం నిండు హోటల్లో నేను భోరుమన్నానన్న కబురు మీ దాకా వచ్చే ఉంటుంది. రామచంద్రపురంలో తెలియనివాళ్ళు లేరిప్పుడు. నిజమేనండి, ఏడ్చాను. ఎందుకేడ్చానో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలీదు. కూర్చోండి, చెబుతాను.

నాన్న పోయి ఏడాది దాటింది. ఇంటి ముందు భాగం అన్నయ్యకీ, వెనక భాగం నాకూ వచ్చాయి. పెరడు ఉమ్మడి. అక్కడే చెడింది! నీళ్ళ మోటారు దగ్గర మొదలై, మాటా మాటా పెరిగి, అన్నయ్య అనేశాడు. "నాన్న పోయిన రోజు నీ కంట చుక్క రాలేదు. నీకు ఉమ్మడేంట్రా?"

రాలేదు మరి. ఎందుకు రాలేదో నాకూ తెలీదు. ఆ రోజు నుంచీ మాటల్లేవు. ఒకే గుమ్మంలో ఒకరికొకరు తప్పుకుని నడవడం ఎంత దిగులుగా ఉంటుందో పడ్డవాడికే తెలుస్తుందండి.

చివరికి పెరడు మధ్యలో గోడ పెట్టేద్దామని తేలింది. మేస్త్రీ వచ్చి చూసి, "ముందు ఈ అడివి కొట్టించండి బాబూ, తాడు లాగాలి కదా" అన్నాడు. కూలీలందరూ నాట్లకి పోయారు. సరే, శని ఆదివారాల్లో మేమే కొట్టుకోవాలి. సంగతి తెలిసి కడియం నుంచి మా అక్క దిగింది.

"గోడ కట్టుకోండి, నేనేం అడ్డం రాను. ఆదివారం రాత్రి మాత్రం అందరూ నాతో హోటల్‌కి రావాలి. ఇకమీదట మిమ్మల్నిద్దర్నీ ఒక్కచోట చూస్తానో లేదో" అంది. ఎవరు కాదనగలరు చెప్పండి?

అటు అన్నయ్య, ఇటు నేను. నేనేమో కాలేజీ ఆఫీసులో క్లర్కుని. అన్నయ్యేమో ఎరువుల కొట్లో ఫ్యాను కింద కూర్చునే మనిషి. అయినా తన పలుగు చప్పుడు వినపడగానే నేనింకో నాలుగు దెబ్బలు వేసేవాణ్ణి. తను ఆగితేనే నేనాగాలి! తను ఆగడే! వయ్యారిభామ మొక్కలు పీకాం, తుమ్మ మోళ్ళు తవ్వాం, నాన్న వేసిన కరివేపాకు చెట్టుని చుట్టేసిన తీగలు లాగాం. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

ఆదివారం సాయంత్రం అరచేతులు చూసుకుంటే ఏముంది? బొబ్బలు లేచి, చితికి, తోలు ఊడి ఎర్రగా! "ఏదీ, చూపించండి" అంది మా ఆవిడ. "ఏం లేదులే" అని జేబుల్లో పెట్టేసుకున్నాను.

హోటల్లో అక్క మా ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, గోంగూర రొయ్యలు ఆర్డరిచ్చింది. స్పూన్ అడుగుదామని నోరు తెరిచాను. ఎదురుగా అన్నయ్య చేత్తో కలిపేస్తున్నాడు. తను చేత్తో తింటుంటే నేను స్పూన్ అడగడమా? నెవ్వర్! నేనూ చెయ్యి పెట్టి కలిపాను.

అంతేనండి! కారం, ఉప్పు, గోంగూర పులుపు కలిసి, చెయ్యి పొయ్యిలో పెట్టినట్టుంది. పళ్ళు బిగించాను. కళ్ళు నా మాట వింటేగా! ధారలు కట్టాయి.

సరిగ్గా అప్పుడే అక్క, "నాన్నకి ఈ కూరంటే ఎంతిష్టమో కదూ" అని, నా మొహం చూసి ఆగిపోయింది. వదిన చూసింది. అన్నయ్య తలెత్తాడు. తన కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

ఎలాగో తినడమయ్యింది. వెయిటర్ వేణ్ణీళ్ళ గిన్నెలు తెచ్చి పెట్టాడు, నిమ్మచెక్కలేసి. హమ్మయ్య, మంట తగ్గుతుందని చెయ్యి ముంచి, అలవాటుగా నిమ్మచెక్క పిండి రుద్దాను.

"ఓరి నాయనోయ్!"

హాలంతా ఇటే తిరిగింది.

"నాన్నని తలుచుకుంటున్నాడ్రా వీడు!" అని అక్క ఘొల్లుమంది. అన్నయ్య కుర్చీ తోసుకుని వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. నేను మళ్ళీ "నాయనోయ్!" తనూ "నాయనోయ్!" ఒకర్నొకరు వాటేసుకున్నాం. "ఊరుకోరా. గోడా లేదు, గీడా లేదు" అన్నాడు తను.

ఒక్క సంగతి చెప్పాలి. కాసేపటికి మంట తగ్గింది. ఏడుపు తగ్గలేదు. ఏడాది కిందట రావలసిన కన్నీళ్ళు అప్పుడొచ్చాయో ఏమో, ఆటోలో ఇంటికొచ్చేదాకా వస్తూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న మా ఆవిడ నా చేతులకి కొబ్బరినూనె రాస్తూ, "నిజం చెప్పేస్తారా?" అంది. "పిచ్చా నీకు?" అన్నానో లేదో, గుమ్మంలో అన్నయ్య! చేతులు దాచేలోపే చూసేశాడు. తను వచ్చి పక్కన కూర్చుని, "ఆ నూనె గిన్నె ఇలా పెట్టమ్మా" అంటూ తన అరచేతులు తెరిచాడు. నావాటికంటే ఘోరం!

"నువ్వు ముందు అరిచావు గానీ, నా చెయ్యీ అప్పటికే నిమ్మనీళ్ళ గిన్నెలో ఉందిరా" అన్నాడు.

"మరి స్పూన్ అడగొచ్చు కదా అన్నయ్యా!"

"నువ్వడుగుతావేమోనని చూశాను."

ఇంతలో అక్క ఉప్మా పళ్ళెం పట్టుకొచ్చింది. మా నాలుగు చేతులూ నూనెలో నానుతున్నాయి. ఒకసారి ఇద్దర్నీ ఎగాదిగా చూసి, అక్కడే కింద కూర్చుని ముద్ద కలిపింది. "నోరు తెరవండి ఇద్దరూ" అంది.

బట్టతల అన్నయ్య తెరిచాడు. కళ్ళజోడుతో నేనూ తెరిచాను. ఇది మాత్రం ఊళ్ళో ఇంకా పొక్కలేదండి, మీ దగ్గరే ఉంచండి.